చింపుటయు కత్తిరించుటయు

ధ్యాన భాగములు: యోవేలు 2:12-13; 2 రాజులు 22:8-13; యిర్మీయా 36:20-26



చలికాలము వచ్చినది. మన పల్లెలలో పాత చీరలు పెట్టెలలోనుండి బయటికి వచ్చు కాలమిది. మధ్యాహ్నపు పనులు తీరిన తరువాత అరుగుల మీద ఇద్దరు ముగ్గురు స్త్రీలు కాళ్లు చాపుకొని బొంత కుట్టుచుందురు. అంగడిలో రంగురంగుల రగ్గులు చవుకగా దొరకుచున్నందున ఈ పని కొంత తగ్గినమాట నిజమే గాని పూర్తిగా పోలేదు. పసిబిడ్డ క్రింద పరచుటకు మెత్తని పాత నూలుచీరల బొంతవంటిది మరియొకటి లేదని మన తల్లులు నేటికిని చెప్పుదురు. ఈ నెల ధ్యానమునకు మేము ఆ బొంతనే తీసికొనుచున్నాము. అందులోను ఒక్క చిన్న సంగతిని. బొంతకు కావలసిన గుడ్డను చింపవలెనా, కత్తిరింపవలెనా?

ఇది ప్రసంగపీఠము మీద చెప్పదగిన సంగతియేనా అని కొందరు నవ్వవచ్చును. అయితే లేఖనములలో చిరిగిన వస్త్రములు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టిన వారు నవ్వరు. లేవీయకాండము 13వ అధ్యాయము చదువునప్పుడు పడుగు, పేక అను మాటలు మాటిమాటికి వచ్చును. మన పెద్దలలో అనేకులు మగ్గము మీద బ్రతికినవారు గనుక వారికి ఆ మాటలు విప్పి చెప్పనక్కరలేకపోయెను. ఇప్పటి పిల్లలకు చెప్పవలెను. పడుగు అనగా మగ్గము మీద నిడివిగా సాగదీసి కట్టిన పోగులు. పేక అనగా నాడె అటునిటు పోవుచు అడ్డముగా నేసిన పోగులు. ఈ రెండును ఒకదానినొకటి పట్టుకొనియుండుటయే బట్ట. ఇది తెలిసినవారికి తక్కిన సంగతి అంతయు సులభము.

మా సంఘపు స్త్రీల సమాజమువారు ఒంటరివారికిని ముసలివారికిని ఇచ్చుటకు ఏటేట కొన్ని బొంతలు కుట్టుదురు. వారిలో ఒక ముసలి తల్లి కలదు. ఆమె కత్తెరతో అంచు మీద చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పట్టి, జర్రున చివరిదాక చింపును. పట్టణములో కుట్టుమిషను నేర్చుకొని వచ్చిన ఒక కోడలు కలదు; ఆమె సుద్దతో గీత గీసి, కొలబద్ద పెట్టి, గీత వెంట కత్తిరించును. ఒకనాడు ఆ చిన్నది ఉండబట్టలేక, “అమ్మమ్మా, కత్తెర చేతిలో ఉండగా బట్టను ఎందుకు అట్లా చింపుతావు? అంచులన్నీ పీచులు లేస్తున్నయ్యి గదా” అనెను. దానికి ఆ తల్లి తల ఎత్తకుండనే, “కత్తెర నువ్వు చెప్పినట్టు వింటుందమ్మాయీ. చింపితే బట్ట ఎట్లా నేసుందో అట్లానే పోతుంది” అనెను. మేము అక్కడ చందా పుస్తకము చూచుకొనుచుంటిమి. ఆ మాట చెవిని పడినది మొదలు ఈ నెల ప్రసంగమునకు వేరే అంశము వెదకలేదు.

ఆమె చెప్పినది అక్షరాల నిజము. సాదా నేత నూలుబట్టను చింపినప్పుడు చినుగు రెండు పోగుల నడుమ దారి పట్టి ఆ చివరవరకు పోవును. నిడివిని చింపినయెడల పేక తెగి, చినుగు పడుగు వెంట నడచును. అడ్డముగా చింపినయెడల పడుగు తెగి, పేక వెంట నడచును. కాబట్టి చింపిన ముక్క నేతకు సరిగా ఉండును. అందులో మన చేతి వంకరగాని కంటి పొరపాటుగాని చేరదు. కత్తెర అట్లుకాదు. మనము గీసిన గీత పోగు వెంట ఉన్నను, పోగును అడ్డగించి ఐమూలగా పోయినను దానికి ఒక్కటే.

అద్దకపు చీరలతో ఈ భేదము మరింత బాగుగా తెలియును. గళ్ల చీరలు రెండు విధములు. రంగు నూలుతో నేసిన గళ్లు ఒకటి. అక్కడ గీతయే పోగు, పోగే గీత. తెల్లబట్ట మీద అచ్చువేసిన గళ్లు మరియొకటి. అక్కడ గీత పైన ఉండును, పోగు దాని దారిని అది పోవును. అచ్చువేయునప్పుడు బట్ట కొంచెము పక్కకు లాగబడినయెడల గీతలకును నేతకును పొందిక ఉండదు. అట్టి బట్టను గళ్ల వెంట కత్తిరించినయెడల ముక్క చూచుటకు ఎంతో చక్కగా, నాలుగు మూలలు సరిగా ఉండును. దానినే చింపినయెడల గళ్లు ఒక ప్రక్కకు ఏటవాలుగా పోయి ముక్క వంకరగా కనబడును. కాని రెండింటిని కుట్టి నీటిలో వేసి ఆరవేసి చూడుడి. కంటికి చక్కగా ఉన్నదే మెలిపడి ముడుచుకొనును. వంకరగా కనబడినది అణకువగా పడియుండును. పైన అచ్చువేసిన గీతలు వేరు, లోపల నేసిన పోగులు వేరు అను సంగతి ఉతుకులో బయటపడును.

ఇక రాజులయొద్దకు వచ్చెదము.

యోషీయా యేలుబడిలో 18వ సంవత్సరమున మందిరము బాగుచేయుచుండగా ధర్మశాస్త్ర గ్రంథము దొరికెను. లేఖికుడైన షాఫాను దానిని రాజు ఎదుట చదివెను. రాజు ఆ మాటలు వినినప్పుడు మొదట చేసిన పని తన బట్టలు చింపుకొనుట. అటుపిమ్మట సుమారు 18 ఏండ్లు గడచెను. ఆ రాజు కుమారుడైన యెహోయాకీము సింహాసనము మీద ఉండెను. అతని 5వ సంవత్సరము 9వ నెలలో, మనకు ఇప్పుడున్నట్టి చలిదినములలో, అతడు శీతకాలపు నగరులో కుంపటి ముందర కూర్చుండియుండెను. యిర్మీయా పలుకగా బారూకు వ్రాసిన గ్రంథమును అతని ఎదుట చదువుచుండిరి. మూడు నాలుగు పుటలు చదువగానే ఆ భాగమును లేఖికుని చాకుతో కోసి నిప్పులలో వేయుట, మరల కొంత చదువుట, మరల కోయుట. ఇట్లు గ్రంథమంతయు కాలిపోయెను. వద్దని బతిమాలినవారు ముగ్గురే. వారిలో ఒకడు గెమర్యా. ఇతడు షాఫాను కుమారుడు. తండ్రి చదువగా ఒక రాజు బట్టలు చింపుకొనెను. కుమారుడు బతిమాలినను ఆ రాజు కుమారుడు వినలేదు. రాజుగాని ఆ మాటలు వినిన అతని సేవకులుగాని భయపడలేదు, తమ బట్టలు చింపుకొనలేదు అని లేఖనము ప్రత్యేకముగా వ్రాసిపెట్టినది. ఆ ఇంటిలో ఆ దినమున చిరిగినది ఏదియు లేదు. కోసినది మాత్రము కలదు, అదియు బహు శుభ్రముగా.

మేము ఈ రెండు అధ్యాయములను ప్రక్కప్రక్కన పెట్టి చదువునప్పుడెల్ల ఆ చాకును గూర్చి భయపడుదుము. ఏలయనగా యెహోయాకీము కోపముతో గ్రంథమును పీకి చింపలేదు. కొంచెము విని, విన్నంతవరకు కోసి, చలి కాచుకొనుచు కూర్చుండెను. సంస్కారపు ఆదివారమునకు ముందు మనము చేయు ఒప్పుకోలు అనేకసార్లు ఈ జాతిదే. ఇంతవరకు ఒప్పుకొందును, ఇక్కడనుండి ఒప్పుకొనను అని ముందుగానే సుద్దగీత గీసికొని వత్తుము. కోపపడితిని అందుము, కోపము దేనినుండి పుట్టెనో చెప్పము. ప్రార్థన మానితిని అందుము. ఏ పనికొరకు మానితిమో ఆ పనిని గీతకు అవతల ఉంచుదుము. ముక్క చక్కగానే తెగును. ఒక్క పోగును వ్రేలాడదు. అయితే చింపుడు మొదలుపెట్టినవానికి అది ఎక్కడ ఆగునో తన చేతిలో ఉండదు.

చింపుటయే పరిశుద్ధమని మేము చెప్పుట లేదు. కయప కూడ తన వస్త్రము చింపుకొనెను (మత్తయి 26:65). ప్రధాన యాజకుడు వస్త్రము చింపుకొనకూడదని ధర్మశాస్త్రములో ఉన్నను (లేవీ 21:10) చింపుకొనెను. బట్ట చిరిగెను గాని హృదయము కుట్టు కదలక నిలిచెను. అందువలననే యోవేలు ప్రవక్త, చింపవలసినది బట్టను కాదనియు హృదయమును అనియు ఇశ్రాయేలీయులను బతిమాలెను. గొంతెత్తి ఏడ్చినవాడెల్ల మారుమనస్సు పొందెనని పెద్దలు లెక్కపెట్టకూడదు. ఉజ్జీవ కూటములలో మనము ఇది చూచియే యున్నాము.

మరియొక సంగతి కలదు. ఎంత బలముగల చేతులైనను గాటు లేకుండ అంచును చింపలేవు. అంచు దగ్గర పోగులు ఒత్తుగా ఉండును. జరీ అంచయినయెడల పీకినకొలది ముడుచుకొనును గాని చినుగదు. అక్కడ కత్తెర కావలెను. అరంగుళము గాటు చాలును. నాతాను ప్రవక్త దావీదునొద్దకు వచ్చినప్పుడు పెద్ద ప్రసంగము చేయలేదు. ఒక బీదవానికి ఒక్కటే గొఱ్ఱెపిల్ల యుండెనని కథ చెప్పెను. అది గాటు. అటుతరువాత ఆ మనుష్యుడవు నీవే అని ఒక్క మాట. చినుగు ఊరియా వరకు, బత్షెబ వరకు, ప్రభువు సన్నిధివరకు పోయెను (2 సమూయేలు 12). పెంతెకొస్తు దినమున పేతురు మాటలు వినినవారికిని హృదయములో గుచ్చుకొనుట మొదట జరిగెను, ఏమి చేయుదుమని అడుగుట తరువాత (అపొస్తలుల కార్యములు 2:37).

ఇద్దరు అన్నదమ్ముల సంగతి ఇక్కడ వ్రాయుటకు వారి అనుమతి తీసికొంటిమి. ఊరు పేరు చెప్పము. అన్న తమ్మునికి ప్రోనోటు మీద 10,000 రూపాయలు అప్పిచ్చెను; వడ్డీ నెలకు నూటికి 3 రూపాయలు. నాలుగేండ్లు గడచెను. సంస్కారమునకు ముందు శనివారము అన్న మాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నా నోరు మంచిది కాదు. నిన్న తమ్ముణ్ణి నలుగురిలో తిట్టాను. పొద్దున్నే పోయి తప్పయిందని చెప్పివచ్చాను” అనెను. అది మంచి ఒప్పుకోలే. మేము ప్రార్థనచేసి పంపివేయవలసినవారమే. ఎందుకో, “తమ్ముడు ఏమన్నందుకు తిట్టితివి?” అని అడిగితిమి. అతడు కొంతసేపు ఊరకుండి, “వడ్డీ అసలును మించిందన్నాడండి” అనెను. మించినమాట నిజమే. నెలకు 300 చొప్పున 48 నెలలకు 14,400 రూపాయలు. మేము మరి ఏమియు అనలేదు. బీదవాడైన సహోదరునియొద్ద వడ్డీ తీసికొనకూడదని నిర్గమకాండము 22వ అధ్యాయములోను లేవీయకాండము 25వ అధ్యాయములోను ఉన్న సంగతి అతనికి మాకంటె బాగుగా తెలియును. ఆదివారపు బడిలో పిల్లలకు చెప్పినవాడు. మరునాడు అతడు సంస్కారము తీసికొనలేదు. మందిరములో వెనుక వరుసలో కూర్చుండి, ఆశీర్వాదము కాకముందే లేచిపోయెను. మూడు వారములు మాతో మాటలాడలేదు. దారిలో ఎదురైనయెడల తల వంచుకొని పోవుచుండెను. అతని ఇంటివారు కొందరు, అయ్యగారు అనవసరముగా ఇంటి లెక్కలలో వేలుపెట్టినారని అనిరి.

నాలుగవ వారమున ఇద్దరును కలిసి వచ్చిరి. అన్న జేబులోనుండి కాగితము తీసి మా బల్లమీద పెట్టి, అంతలోనే మరల తీసికొని చింపెను. తమ్ముడు, “అన్నా, అసలు మటుకు మిరప పంటకు ఇస్తాను, నా మాట” అనెను. అన్న, “ఇస్తే ఇయ్యి” అనెను. అంతే. పెద్ద కౌగిలింతలు ఏమియు లేవు. ఆ మిరప పంట ఇంకను చేతికి రాలేదు. వచ్చిన తరువాత ఏమగునో మేము చెప్పజాలము. అయితే వెనుక వరుసలోని ఆ మనుష్యుడు ఇప్పుడు తన చోటికి వచ్చి కూర్చుండుచున్నాడు.

చింపుటలో నష్టము కలదు. దానిని దాచిపెట్టి చెప్పుట ధర్మము కాదు. చింపిన అంచు అలలవలె సాగును, పీచులు లేచును. పావు అంగుళమునుండి అరంగుళము దాక నేత వదులగును. అందుచేత తెలిసినవారు ఆ మేరకు ఎక్కువ వదలి చింపుదురు, అంచును లోపలికి మడిచి ఇస్త్రీ పెట్టి కుట్టుదురు. ఆ అన్నకు పోయినది 14,400 రూపాయలు మాత్రమే కాదు. ఇంటిలో కొన్నాళ్లు అన్నము కూడ సరిగా వడ్డింపలేదట. నిజమైన మారుమనస్సుకు ఖర్చు కలదని ముందుగానే లెక్కచూచుకొని రావలెను.

కత్తెరను చులకన చేయుటకు ఇది వ్రాయుటలేదు. అమెరికా దేశమందలి లూథరన్ స్త్రీలు, రెండవ ప్రపంచయుద్ధపు ముగింపున 1945లో ఆరంభమైన లూథరన్ వరల్డ్ రిలీఫ్ అను సహాయసంస్థ ద్వారా, దిక్కులేనివారికి బొంతలు పంపుచున్నారు. ఆ బొంత కొలత 60 అంగుళముల వెడల్పు, 80 అంగుళముల పొడవు. వారికి దొరకునవి పాత దుప్పట్లు, తెరలు, చొక్కాలు, ఒకదానితో ఒకటి పోలనివి. అట్టి వాటిని చదరపు ముక్కలుగా కత్తిరించి కలుపుటయే తగిన పని. పంట్లాము గుడ్డ చింపబోయినయెడల చేతులు నొచ్చును. బనియను గుడ్డ నేసినది కాదు, అల్లినది. దానికి పడుగు పేకలు లేవు గనుక చినుగునకు దారి దొరకదు. మూడు మూలల ముక్క కావలెనన్నను, పువ్వు ఆకారము కావలెనన్నను కత్తెరయే గతి. ఆ కోడలు కత్తిరించిన ముక్కలతో నిరుడు కుట్టిన బొంత ఎంతో అందముగా ఉండెనని ముసలి తల్లియే ఒప్పుకొనెను. కొత్త గుడ్డను మాత్రము ముందుగా నానబెట్టి ఆరవేయనిదే పాతదానికి అతుకవద్దని ఇద్దరును ఒక్కమాటగా చెప్పుదురు. కొత్తది ముడుచుకొని పాతదానిని చింపునను ప్రభువు మాట (మార్కు 2:21) కుట్టుపని చేయువారికి ఉపమానము కాకముందే అనుభవము.

ఇక చాల ముఖ్యమైనది. బాగుగా నలిగి జీర్ణించిన చీరను ఎవరును చింపరాదు. అది పోగు వెంట పోదు, పట్టినచోటనల్లా పిగిలిపోవును. ముసలి తల్లి అట్టి చీర చేతికి వచ్చినప్పుడు దానిని చింపదు, కత్తిరించదు. ఉన్నది ఉన్నట్లు మడిచి, రెండు గట్టి గుడ్డల నడుమ పరచి, పైనుండి దగ్గర దగ్గరగా కుట్టు వేయును. బొంతకు మెత్తదనమంతయు ఆ నడిమి చీరనుండియే వచ్చును. కాపరులమైన మేమును, సంఘపు పెద్దలును ఇది నేర్చుకొనవలెను. భర్త పోయి నెల తిరుగని స్త్రీకి పశ్చాత్తాపమును గూర్చి ప్రసంగించువాడు గుడ్డ ఎరుగనివాడు. పంట పోయి, అప్పులవాండ్లు వాకిట కూర్చుండగా రాత్రులు నిద్రలేనివానిని, నీలో ఏదో పాపమున్నది వెదకికొనుమని చెప్పువాడు యోబు స్నేహితులలో ఒకడు. అట్టివారికి చినుగు చాలినంత కలిగినది. వారికి కావలసినది ఇరుప్రక్కల రెండు గట్టి గుడ్డలు.

యిర్మీయాను బురదగోతిలో దింపినప్పుడు ఎబెద్మెలెకు అను కూషీయుడు త్రాళ్లు మాత్రమే తేలేదు. ఖజానా క్రింది గదిలోనుండి చిరిగిన పాత గుడ్డలును చింకిబట్టలును తెచ్చి, త్రాళ్లు ఒరయకుండ వాటిని చంకల క్రింద పెట్టుకొమ్మని చెప్పి పైకి లాగెను (యిర్మీయా 38:11-13). తన గ్రంథము చాకుతో కోయబడిన ఆ ప్రవక్తనే పాత పేలికలు కాపాడెను. త్రాళ్లు తెచ్చువారు మన సంఘములలో చాలమంది కలరు. పేలికలు తెచ్చుటకు జ్ఞాపకముండువారు తక్కువ.

ఈ సంవత్సరము మా స్త్రీల సమాజమువారు 12 బొంతలు కుట్టదలచినారు. చీరలు ఇయ్యదలచినవారు నూలుచీరలే ఇయ్యవలెను, ఉతికి ఇయ్యవలెను. నైలాను, పాలిస్టరు చీరలు జారిపోవును; చెమట పీల్చవు; పసిబిడ్డలకును ముసలివారికిని పనికిరావు. జరీ అంచులు ముందుగా తీసివేసినయెడల మేలు. దబ్బనములు, దారము సమాజమువారే తెచ్చుకొందురు.

వచ్చు నెల మొదటి ఆదివారము ప్రభు సంస్కారము. ముందటి శనివారము దీపములు పెట్టు వేళనుండి మందిరపు తలుపు తీసియుంచెదము. ఎవరికైనను చెప్పవలసిన మాట యున్నయెడల రావచ్చును. మేము అక్కడనే కూర్చుండియుందుము. ఇద్దరు కలిసి రావలసినవారు కలిసియే రండి, ఎంత ప్రొద్దుపోయినను సరే.